సెబూ కోర్టు కాగితంలో సత్యలక్ష్మి

కొడుకు ఫిలిప్పీన్స్ పౌరుడు కాబోతున్నాడన్న కబురు సత్యలక్ష్మి నాకు ఎండు నెత్తళ్లు తూస్తూ చెప్పింది. నేను అరకిలో అడిగాను. ఆవిడ కాటా వంక చూస్తూనే, "టీచరమ్మా, మావోడు ఆ దేశపోడైపోతాడంట. వకీలు కాగితం పంపించేడు, ఇంగిలీసు. సాయంత్రం ఓపాలొచ్చి సదివి సెప్పవా?" అంది.

నాకు పరాయివాళ్ల సంగతులంటే అక్కర ఎక్కువ. మా ఆయన బతికున్నన్నాళ్లూ దాన్ని రోగమనేవారు. ఖుర్సీపార్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో ముప్పై ఒక్కేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను, ఆ రోగం మాత్రం రిటైరు కాలేదు. ఒక మనిషి ఒక దేశం వదిలి ఇంకో దేశం మనిషి ఎలా అవుతాడు? అవునని ఎవరంటారు, ఏం చూసి అంటారు? సాయంత్రం దాకా ఆగలేక నాలుగింటికే వాళ్లింటికి వెళ్లాను. ఇది నాలుగేళ్ల కిందటి మాట.

సత్యలక్ష్మికి అప్పటికి అరవై దాటాయి. సంతబొమ్మాళి వైపు నుంచి పెళ్లై భిలాయి వచ్చింది. భర్త భుజంగరావు ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ, పోయి పన్నెండేళ్లు. ఖుర్సీపార్ బజారులో ఎండుచేపల దుకాణం ఈవిడ ఒంటిచేత్తో నడుపుతోంది. నోరు మహా పదును. బేరం ఆడుతూ చేపల్ని నొక్కి నొక్కి చూసేవాళ్లని, "నాడి సూస్తన్నావేటి? అది సచ్చి నెల్లాళ్లయింది" అంటుంది. అయినా జనం ఆవిడ దగ్గరికే వెళతారు, నేను కూడా.

కొడుకు సూర్యప్రకాష్. ఐటీఐ చదివి, ఇరవై మూడో ఏట ఒక ఏజెంటు ద్వారా ఫిలిప్పీన్స్‌లో సెబూ అనే ఊరి దగ్గర ఒక ఇనుప చువ్వల మిల్లులో ఫిట్టరుగా చేరాడు. అక్కడి పిల్లనే చేసుకున్నాడు, రోసాలిన్. ఇద్దరు పిల్లలు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చి వెళుతుండేవాడు. పదిహేడేళ్లుగా అక్కడే ఉన్నాడు గనుక పౌరసత్వానికి కోర్టులో అర్జీ పెట్టుకుంటున్నాడు. అవును, కోర్టులోనే. అక్కడ జడ్జిగారు విని, నమ్మితేనే పౌరుడు.

ఫోనులో వచ్చిన కాగితం వకీలు పంపిన ప్రశ్నల పట్టిక. అబ్బ, ఏం ప్రశ్నలు! పుట్టినప్పటి నుంచి నిన్ను పిలిచిన పేర్లన్నీ రాయి. నువ్వు కాపురమున్న ఇళ్లన్నీ రాయి, ఒక్కటి దాచినా అర్జీ పోతుంది. ఇక్కడి భాష మాట్లాడగలవా? నీ పిల్లలు ఈ దేశచరిత్ర చెప్పే బడిలోనే చదువుతున్నారా? ఈ జనంతో కలిసి మెలిసి ఉన్నావా, లేక నీ వాళ్లతోనే తిరిగావా? నిన్ను ఏళ్లుగా ఎరిగిన ఇద్దరు ఈ దేశస్థులు వచ్చి నువ్వు మంచివాడివని కోర్టులో ప్రమాణం చెయ్యాలి. నీ అర్జీని మూడు వారాలు పేపర్లో వేస్తాం, అభ్యంతరమున్న వాళ్లు వచ్చి చెప్పుకోవచ్చు.

చదువుతుంటే నాకు ముచ్చటేసింది, కొంచెం భయం కూడా. మా కాలనీలో నా గురించి ప్రమాణం చేసి మంచిదని చెప్పడానికి ఎవరొస్తారా అని ఆలోచించాను. ఒక్క పేరే తట్టింది, ఆవిడ కూడా అప్పుడు ఊళ్లో లేదు.

"తల్లి పేరు అని ఉంది. సత్యలక్ష్మి అని చెబుతాను, సరేనా?" అన్నాను.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది, అవి పొడిగానే ఉన్నాయి.

"అక్కడే ఉంది గొడవంతా. కాగితాల్లో నాను ఆడికి అత్తని, టీచరమ్మా," అంది.

ఆ కథ ఇది. భుజంగరావు అక్క వరలక్ష్మమ్మ. ఆవిడ భర్త త్రినాథరావు ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగి. ఆ రోజుల్లో ఇక్కడ పర్మనెంటు ఉద్యోగి పిల్లలంటే వాళ్ల రాతే వేరు. మంచి బడి, ప్లాంటు ఆసుపత్రిలో ఉచిత వైద్యానికి మందుల పుస్తకం, క్వార్టరు. కాంట్రాక్టు కూలీ పిల్లలకి ఖుర్సీపార్ సందులే గతి. సూర్యప్రకాష్‌కి అయిదేళ్లు వచ్చేసరికి నలుగురు పెద్దలూ కూచుని ఒక ఉపాయం పన్నారు. త్రినాథరావుకి అప్పటికి ఒక్కతే కూతురు, మణిమాల. సూర్యప్రకాష్ కంటే అయిదు నెలలు చిన్నది. పిల్లలిద్దరూ ఊళ్లోనే మంత్రసాని చేతుల మీద పుట్టారు, రాసిన పత్రమంటూ లేదు. త్రినాథరావు ఊరెళ్లి, వాళ్లిద్దరూ తనకి పుట్టిన కవలలని కాగితం రాయించుకొచ్చాడు.

కవలలంటే కవలలే. ఒకరు నెత్తల్లా సన్నం, ఇంకొకరు బూరెలా గుండ్రం. అందరూ చూసి నవ్వారు గానీ ఎవరూ నోరు విప్పలేదు, అలాంటి కవలలు భిలాయిలో ఇంకా ఉన్నారు మరి. ఇంకో తమాషా, పుట్టినప్పుడు ఈ బావామరదళ్లకి పెళ్లి చెయ్యాలని పెద్దలు అనుకున్నారట. కాగితం పుణ్యమా అని వరసైన మరదలు కవల చెల్లెలైపోయింది. మణిమాల ఇప్పుడు రాయపూర్‌లో మొగుడూ పిల్లలతో హాయిగా ఉంది, ఆ మాటెత్తితే కడుపుబ్బ నవ్వుతుంది.

కుర్రాడు సోమవారం నుంచి శనివారం దాకా అత్త క్వార్టరులో, ఆదివారం ఖుర్సీపార్‌లో. నలుగురిలో త్రినాథరావు నాన్న, భుజంగరావు మావ. వరలక్ష్మమ్మ అమ్మ, సత్యలక్ష్మి అత్త. తలుపులు మూశాక మళ్లీ ఎవరి వరస వాళ్లది. అయిదేళ్ల పిల్లాడు ఒక్కసారి కూడా తడబడలేదట. దాన్ని తెలివి అనాలో పాపం అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

పదో తరగతి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు, పెళ్లి కాగితం, అన్నిట్లోనూ తల్లి వరలక్ష్మమ్మే. మరి సెబూ వకీలు ఏమన్నాడంటే, రెండు దార్లున్నాయన్నాడు. ఉన్న కాగితాల ప్రకారం పోతే అన్నీ ఒకదానికొకటి సరిపోతాయి, ఎవరూ ఏమీ అడగరు. కానీ అబద్ధమని ఏనాడైనా బయటపడితే, ఇచ్చిన పౌరసత్వం వెనక్కి లాక్కుంటారు. నిజం చెబితే, పాత కాగితాలన్నీ తప్పని ఒప్పుకోవాలి. కన్నతల్లీ, కాగితం మీది తల్లిదండ్రులూ ప్రమాణపత్రాలు ఇవ్వాలి. అప్పుడు కూడా సర్కారు తరఫు వకీలు అడ్డం తిరిగితే అర్జీ కొట్టేయవచ్చు.

సూర్యప్రకాష్ వీడియోలోకి వచ్చాడు. నలభై ఏళ్లవాడు, చెవుల దగ్గర నెరిసింది. "అమ్మా, నాకైతే సమఝ్ అవట్లేదు. నువ్వే ఫైసలా చెప్పు. నువ్వెలా అంటే అలా రాయిస్తాను," అన్నాడు.

నేను మధ్యలో దూరాను. దూరకపోతే నేనెందుకవుతాను! "ఇందులో ఆలోచించేదేముంది సత్యలక్ష్మీ, ఉన్నది ఉన్నట్టు పోనియ్యి. నువ్వు తల్లివని నీకు తెలుసు, వాడికి తెలుసు. ఎక్కడో పరాయి కోర్టులో పేరు ఎక్కితే ఎంత, ఎక్కకపోతే ఎంత? వాడి బతుకు మీదికి తేకు," అన్నాను.

సత్యలక్ష్మి నా వంక చూసిన చూపు చేపల్ని నొక్కేవాళ్ల వంక చూసేదే.

"నీకేటి, నీ కొడుకు కాగితంలో నీ పేరుంది. ఒరే సూరీ, ఇను. ఒకపాలి నిన్ను ఇచ్చీసేను. నీ సదువు కోసం ఇచ్చేను, నాకు ఏడుపు నేదు. రొండోపాలి ఇవ్వను. నా పేరు రాయించు. పోతే పోనీ."

నాకు ఒళ్లు మండింది. ఎంత స్వార్థం, అనుకున్నాను. ఫోను పెట్టేశాక ఆ మాట పైకే అనేశాను. ఆవిడ కోప్పడలేదు. నాకు టీ ఇచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూచుంది.

"ఆడికి తొమ్మిదో ఏడు. టైఫాయిడు. పెద్దాసుపత్రిలో ఎట్టేరు. లోపలికి ఎల్లడానికి తల్లికీ తండ్రికీ మాత్తరమే సీటీ ఇచ్చేరు. మా వొదిన ఎల్లింది. నాను గేటుకాడ కూకున్నాను. ఆరు రోజులు, టీచరమ్మా. రోజూ వొదిన బయటికొచ్చి, పాలు తాగేడు, జరం తగ్గింది అని సెప్పేది. నాలుగో రోజు గేటుకాడి బాబు అడిగేడు, నువ్వేటవుతావు ఆ గుంటడికి అని. అత్తనన్నాను. అత్తకింత ఏడుపేటి అన్నాడు."

నేను టీ తాగలేకపోయాను. నా నోటి దురుసుకి నాకే సిగ్గేసింది. అయినా ఒక్క ప్రశ్న మిగిలిపోయి నన్ను తినేస్తోంది, అది కూడా అడిగేశాను. "మరి వాడు ఆ దేశం వాడైపోతే నీకు బాధ లేదా? మన పాస్‌పోర్టు తిరిగిచ్చెయ్యాలి. ఖుర్సీపార్ రావాలన్నా పరాయివాడిలా అనుమతి తీసుకోవాలి."

"అమ్మనే మార్చీసినోడికి దేశం ఓ లెక్కా?" అంది. "ఆడి పెళ్లాం అక్కడ, పిల్లలక్కడ. ఆడికి రేపేదైనా అయితే ఆ పిల్ల గేటుకాడ కూకోకూడదు. అందుకే అవ్వమన్నాను."

మర్నాడు ఇద్దరం ఆటోలో వైశాలి నగర్ వెళ్లాం. రిటైరయ్యాక త్రినాథరావు అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. డెబ్బై అయిదేళ్ల మనిషి, ఇప్పటికీ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూచుంటాడు, డ్యూటీకి వెళ్లేవాడిలా. సంగతి వినగానే లేచి నిలబడ్డాడు.

"దిమాగ్ ఖరాబైందా చెల్లెమ్మా? నేను నోటరీ ముందు నిలబడి, సార్, ముప్పయ్యేళ్లు కంపెనీకి ఝూట్ చెప్పేనని రాసివ్వాలా? పేపర్లో కూడా వేస్తారంట! నా మందుల పుస్తకం ఖతం. నా పెన్షను ఖతం."

"సెబూ పేపరు వైశాలి నగర్‌లో ఎవరు చదువుతారండీ?" అన్నాను.

"మీకు తెలీదు టీచరమ్మా. ఆజ్‌కల్ అందరి చేతిలోనూ మొబైలే."

వాదన గంట నడిచింది. ఆయన ప్లాంటు రూల్సు చెబుతాడు, సత్యలక్ష్మి "నా పేరు" అంటుంది. వరలక్ష్మమ్మ పెసరపప్పు ఏరుతూ కూచుంది. ఏరిన పప్పునే మళ్లీ ఏరుతోందని నేను గమనించాను. చివరికి చేట పక్కన పెట్టింది.

"సత్యా, నేను వాడికి అన్నం పెట్టలేదేటి?"

ఆవిడ చేతికంటిన పప్పు పొడి దులుపుకుంది.

"పరీక్షలకి పొద్దున్నే లేపలేదా? ఎవరడిగినా మా అబ్బాయేనని చెప్పీదాన్ని. చెప్పీ చెప్పీ అదే నిజమైపోనాది నాకు. ఇప్పుడు నాకేటీ కాడని నా చేత్తో రాసిమ్మంటావా?"

సత్యలక్ష్మి లేచి వెళ్లి ఆవిడ పక్కన కింద కూచుంది. ఆ పదును గొంతు ఎక్కడికి పోయిందో.

"పెట్టేవు వొదినా. నువ్వెట్టబట్టే ఆడింతోడయ్యేడు. అన్నం ఎవులెట్టేరని అడిగితే వంద కోర్టుల్లో నీ పేరే సెప్తాడు, సెప్పకపోతే నానే ఆడి సెంప పగలగొడతాను. కన్నదెవులని అడిగేకాడ మాత్రం నా పేరుండనీ. అదొక్కటే అడుగుతున్నాను."

వరలక్ష్మమ్మ చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. తరవాత నాతో, "టీచరమ్మా, ఆ అన్నం మాట కూడా కాగితంలో రాయొచ్చా?" అంది.

రాయొచ్చన్నాను. రాయకూడదని ఎవరైనా అంటే వాళ్ల సంగతి నేను చూసుకుంటానని కూడా అన్నాను.

మూడు ప్రమాణపత్రాలూ నేనే ఇంగ్లీషులో రాశాను. జన్మలో అంత జాగ్రత్తగా ఏదీ రాయలేదు. వరలక్ష్మమ్మ పత్రంలో ఇలా ఉంది: ఈ అబ్బాయిని నేను కనలేదు. నా తమ్ముడి భార్య సత్యలక్ష్మి కన్నది. అయిదో ఏటి నుంచి పదిహేడో ఏటి దాకా నా ఇంట్లో నా చేతి అన్నం తిన్నాడు. నా కొడుకని రాయించడం మేము పెద్దవాళ్లం చేసిన తప్పు, వాడిది కాదు.

దుర్గ్‌లో నోటరీ దగ్గరికి వెళ్లే రోజు కూడా త్రినాథరావు రానని భీష్మించాడు. వరలక్ష్మమ్మ చెప్పులేసుకుని, "అయితే నేనూ సత్యా వెళ్తాం. మీరు మీ మందుల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూచోండి," అని ఆటో ఎక్కేసింది. ఆటో మలుపు తిరిగేలోపు ఆయన స్కూటరు మా వెనక వచ్చింది. కోర్టు బయట నోటరీ బల్ల దగ్గర అందరికంటే ముందు సంతకం పెట్టింది ఆయనే, అది కూడా చదవకుండా. చదివితే పెట్టలేనని తరవాత నాతో అన్నాడు. ముప్పై అయిదేళ్లు కొడుకనుకున్న వాణ్ని కాదనడం ఆయనకీ కష్టంగానే ఉంది, పెన్షను భయమంతా పైపైదే.

కేసు విచారణకి వచ్చేసరికి ఏడాది దాటింది. ఏం జరిగిందో సూర్యప్రకాష్ ఫోనులో చెబుతుంటే నేను ఒక్కొక్క ముక్కా అడిగి అడిగి చెప్పించుకున్నాను. సాక్షులిద్దరిలో ఒకరు మిల్లు ఫోర్‌మన్, ఇంకొకరు వీధిలో బియ్యం కొట్టు పెట్టుకున్న ముసలావిడ. ఈ మనిషి మా వాళ్లతో కలిసి ఉంటాడని నువ్వెలా చెప్పగలవని ఆవిడని అడిగారట. మా వీధిలో చావు జరిగితే శవం దగ్గర రాత్రి జాగారానికి అందరికంటే ముందు వచ్చేది ఇతనే, కుర్చీలు మోసేది ఇతనే అని చెప్పిందట. సూర్యప్రకాష్‌ని జడ్జిగారు అక్కడి సెబువానో భాషలోనే ప్రశ్నలడిగారు. అది ఫరవాలేదు, వాడికి తెలుగు కంటే హిందీ, హిందీ కంటే సెబువానో బాగా వచ్చు.

సర్కారు వకీలు లేచాడు. నీ కాగితాలన్నిట్లో ఒక తల్లి, ఈ అర్జీలో ఇంకో తల్లి. ఊహ తెలిసినప్పటి నుంచి అబద్ధంతో బతికిన మనిషిని ఈ దేశం ఎందుకు నమ్మాలి, అన్నాడట.

"నువ్వేమన్నావురా?" అన్నాను.

"అయిదేళ్లప్పుడు ఆ అబద్ధం మా పెద్దోళ్లది మేడం. ఇక్కడ కూడా చెప్తే నాదైపోతుంది. అందుకే చెప్పట్లేదు అన్నాను."

జడ్జిగారు మూడు ప్రమాణపత్రాలూ తనే చదివారట. వరలక్ష్మమ్మది రెండుసార్లు చదివారట. ఆ మాట విన్నాక నేను వారం రోజులు నేల మీద నడవలేదు, నా ఇంగ్లీషు కదా.

తీర్పు అనుకూలంగానే వచ్చింది. కానీ ఆ దేశంలో తీర్పు రాగానే అయిపోదు. ఇంకో రెండేళ్లు చూస్తారు. ఆ రెండేళ్లూ దేశం దాటకూడదు, ఏ తప్పూ చెయ్యకూడదు. కొత్త కోడలిని కూడా అన్నాళ్లు పరీక్షించరు! ఆ మధ్యలో సత్యలక్ష్మికి మోకాలి ఆపరేషన్ అయినా కొడుకు రాలేకపోయాడు. ఆసుపత్రిలో ఆవిడ పక్కన పదకొండు రోజులు ఉన్నది వరలక్ష్మమ్మ. ఇద్దరూ ఒకటే కీచులాట, నర్సులు బెదిరిపోయారు.

మొన్న జనవరిలో వాడి పౌరసత్వ ప్రమాణం. వాళ్లకి పది గంటలంటే మనకి పొద్దున్న ఏడున్నర. నేను ఏడింటికే ఖుర్సీపార్ చేరాను. సత్యలక్ష్మి తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని ఫోను ముందు కూచుంది. దుకాణం తెరవలేదు. తీర్పు నకలు నా చేతిలో ఉంది. అంతకుముందు రోజే ఆవిడ దాన్ని నా చేత మళ్లీ చదివించుకుంది. "కన్నతల్లి సత్యలక్ష్మి, భిలాయి నివాసి" అన్న చోట ఆగమని, ఆ పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. నాకే కళ్లు తడిశాయి, ఆవిడకి కాదు.

ఎనిమిదిన్నరకి ఫోను మోగింది. సూర్యప్రకాష్ తెల్లచొక్కాలో, పక్కన రోసాలిన్, పిల్లలు, వెనక బియ్యం కొట్టు ముసలావిడ, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. "అమ్మా, హో గయా! అయిపోయింది. ముందు నీకే చేశాను," అన్నాడు వాడు. 

సత్యలక్ష్మి వాణ్ని కళ్లారా చూసుకుంది. పిల్లల్ని చూసింది. తల ఊపింది. తరవాత విసుక్కుంది.

"సరే, సూసేను. ఇంక ఫోనెట్టీయ్. ముందు వైశాలి నగర్‌కి సెయ్యి. పొద్దుట్నించీ టిఫినైనా సెయ్యకుండా ఫోను పట్టుకుని కూకునుంటాది మీ అమ్మ."